రోబోలంటే ఒట్టి బొమ్మలేనా?

సంపాదకులకు నమస్కారం,

మీ ఆదివారం అనుబంధంలో జపాన్ రాక్షస రోబోలపై వచ్చిన వ్యాసం చదివాను. అన్నిటినీ కలిపి ‘పిల్లల బొమ్మల వ్యాపారం’ అని తేల్చేయడం మాత్రం మింగుడు పడలేదు.

1956లో కామిక్‌గా వచ్చిన టెట్సుజిన్-28 అనే రోబోని బయట నుంచి రిమోట్‌తో నడిపేవారు. 1972లో కామిక్ రచయిత గో నగాయ్ ‘మజింగర్ జెడ్’లో నడిపేవాణ్ణి ఏకంగా రోబో తలలోకి ఎక్కించాడు. అయినా అది హీరో ఒక్కడి సొత్తే. అసలు మలుపు 1979 నాటి టీవీ కార్టూన్ సీరియల్ ‘గన్‌డమ్’ (Gundam). అందులో శత్రువుల జాకూ యంత్రాన్ని చూడండి: 17.5 మీటర్ల ఎత్తు, పట్టా మీద అటూ ఇటూ జరిగే ఒంటికన్ను, చేతిలో డ్రమ్ము బిగించిన మెషిన్‌గన్. ఇలాంటివి ఫ్యాక్టరీలో వరసపెట్టి తయారవుతాయి, యుద్ధంలో అంతే సులువుగా తుక్కవుతాయి. తూటాలు అయిపోతాయి, గన్‌డమ్ రోబోని నడిపే కుర్రాడికి టెన్షన్‌తో నిద్ర పట్టదు.

రేటింగులు లేక ఆ సీరియల్‌ని 43 ఎపిసోడ్లకే ఆపేశారు. 1980లో ఆ రోబోల 300 యెన్ల ప్లాస్టిక్ బొమ్మల కిట్లు వచ్చాకే దశ తిరిగింది. వ్యాపారం లేదని నేననను, కానీ కథ ముందు పుట్టింది.

వ్యాసంలో డిజైనర్ కునియో ఓకవారా పేరే లేదు. జాకూకి రూపమిచ్చిందీ, 1983లో ‘వోటమ్స్’ సీరియల్ కోసం నాలుగు మీటర్లైనా లేని చవక యంత్రాన్ని గీసిందీ ఆయనే. వీలైతే ఆయన మీద ఒక పేజీ వేయండి.

– ఒక పాఠకుడు, విజయవాడ