పాపకి ఆ సూది ఇప్పుడే వేయించు

పద్మా,

పాపకి పద్నాలుగు నిండి ఎనిమిది నెలలైంది, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్‌ని అడ్డుకునే టీకా టెన్త్ పరీక్షలయ్యాక వేయించనా అని అడిగావు. వద్దే, ఈ నెలలోనే వేయించు. పదిహేను నిండేలోపు మొదటి సూది పడితే ఆర్నెల్ల ఎడంతో రెండు చాలు. పదిహేను దాటాక మొదలుపెడితే మన డాక్టర్లు మూడు వేస్తారు: మొదటిది వేసిన రెండు నెలలకొకటి, ఆర్నెల్లకొకటి. రెండోది పదిహేను దాటాక పడినా ఫర్వాలేదు. ఆలస్యమైనా మళ్లీ మొదటినుంచి అక్కర్లేదు. ఐదు నెలలకన్నా ముందే వేస్తే మాత్రం మూడోది కావాలి.

ఒక్కటి చాలంటున్నారుగా అన్నావు. నిజమే, 9 నుంచి 20 ఏళ్ల వాళ్లకి ఒక్క డోసు ఇచ్చినా సరేనని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ మాటకి ఒక గట్టి ఆధారం మన దేశంలోనే దొరికింది. 2010లో ఖమ్మం జిల్లాలో ఒక ప్రాజెక్టు కింద ఈ టీకా వేయించుకున్న కొందరు అమ్మాయిలు చనిపోయారని పెద్ద గొడవైంది గుర్తుందా? విచారణలో ఆ చావులకి టీకా కారణమని తేలలేదు. ఒకమ్మాయి నీట మునిగింది, పురుగుమందు తాగినవాళ్లూ ఉన్నారు. కానీ హాస్టల్ పిల్లలకి అమ్మానాన్నల్ని అడక్కుండా వేయడం ఘోరమైన తప్పు, జనం నమ్మకం అక్కడే పోయింది. ఆ గొడవతో దేశంలో ఈ టీకా మీద జరుగుతున్న ఇంకో పెద్ద పరిశోధన కూడా సగంలో ఆగి, వేలమంది అమ్మాయిలకి ఒక్క డోసే అందింది. వాళ్లని ఏళ్ల తరబడి గమనిస్తే, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో నూటికి డెబ్బైకి కారణమయ్యే 16, 18 అనే రెండు రకాల హెచ్‌పీవీ నుంచి వాళ్లకీ, రెండు మూడు డోసులు పడినవాళ్లకి దొరికినంత రక్షణే దాదాపుగా దొరికింది. అయినా నీ డాక్టరు రెండంటే రెండూ వేయించు. హెచ్‌ఐవీ లాంటివాటితో రోగనిరోధక శక్తి తగ్గిన పిల్లలకైతే మూడు.

మందుల షాపులో కొని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేటట్టయితే ఒక్క జాగ్రత్త. ఇది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఐసుకి తగిలేలా పెట్టి తీసుకెళ్తే గడ్డకడుతుంది. అందులోని అల్యూమినియం రేణువులు ముద్దలైపోతాయి, ఆ తర్వాత కరిగినా మందు పనిచేయదు. ఊపితే పల్చటి మజ్జిగతేటలా ఒకే మసకగా కనిపించాలి. పలుకులు పలుకులుగా ఉంటే వేయించకు.

పాపకి టిఫిన్ పెట్టి తీసుకెళ్లు. సూది భుజం కండకి, అర మిల్లీలీటరు, అంతే. తర్వాత పదిహేను నిమిషాలు కూర్చోబెట్టు; ఈ వయసు పిల్లలు సూదికి భయపడి కళ్లు తిరిగి పడిపోతుంటారు, దెబ్బ తగిలేది అప్పుడే. చెయ్యి ఒకట్రెండు రోజులు సలుపుతుంది, కాస్త జ్వరం రావచ్చు. నెలసరిలో ఉన్నా వేయించొచ్చు. పిల్లలు పుట్టరన్న భయం నీకేం వద్దు, ఇందులో బతికున్న వైరస్ లేదు, దాని పైపొర ప్రోటీను మాత్రమే.

ఇక నీ సంగతి. పాపకి టీకా వేయించి నువ్వు ఊరుకుంటే ఎలా? ముప్పై దాటినవాళ్లకి గర్భాశయ ముఖద్వార పరీక్ష ముఖ్యం, ఇప్పటికే ఉన్న వైరస్‌ని టీకా పోగొట్టదు. పాప్ స్మియర్ (అక్కడి కణాలు తీసి చూసే పరీక్ష) అయితే మూడేళ్లకోసారి, హెచ్‌పీవీ పరీక్షలో వైరస్ లేదని వస్తే ఐదేళ్లకోసారి. నెలసరి లేని రోజు చూసుకో, ముందు రెండ్రోజులు కలయిక, లోపల పెట్టే మందులు వద్దు. కలయిక తర్వాత రక్తం కనిపిస్తే మాత్రం తేదీలు చూడకు, మర్నాడే వెళ్లు.

పాపకి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే నీ పరీక్షకీ అడుగు. తేదీ ఖాయం కాగానే నాకు రాయి.

నీ
సుజాత