'ప్రశాంతంగా ముగిసిన' సలేశ్వరం జాతర

సంపాదకుడు గారికి నమస్కారం.

చైత్ర పౌర్ణమి వెళ్లి పది రోజులైంది, ఇప్పుడు రాస్తున్నాడేంటి అనుకోకండి. మోకాళ్ల నొప్పులు తగ్గి కుర్చీలో కుదురుగా కూర్చున్నది నిన్ననే. నల్లమల అడవి లోయలో లింగమయ్యకు, అంటే శివుడికి, జరిగే మన జాతర మీద జిల్లా పేజీలో 'ప్రశాంతంగా ముగిసిన సలేశ్వరం జాతర' అని వార్త వేశారు, పైన జలపాతం ఫొటో. ఆ వార్త రాసినాయన లోయలోకి దిగాడా, అటవీశాఖ వాళ్ల ఫరహాబాద్ గేటు దగ్గర చాయ్ తాగి వెనక్కి తిరిగాడా? ముందు అది కనుక్కోండి.

మేమైతే దిగాం. నేను, మా బావమరిది, వాళ్ల పిల్లలిద్దరు. బండ్లు ఆపే చోటు నుంచి లింగమయ్య గుహ దాకా నడక ఐదు కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. దానికి మాకు పోను నాలుగు గంటలు, రాను ఐదు గంటలు పట్టింది. అడవి దారి వల్ల కాదు, అది చిన్నప్పుడు మా నాయన వెంట లింగాల దిక్కు నుంచి కాలినడకన పోయినప్పటి నుంచీ నాకు తెలిసిన దారే. చివర్లో ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, మధ్యలో ఇద్దరు మనుషులు భుజాలు రాసుకుంటూ పోయేంత సందు ఉంటుంది చూడండి, అక్కడ దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఎదురెదురుగా ఇరుక్కుపోయారు. సలేశ్వరం పోయినవాళ్లకు చెప్పక్కర్లేదు, దిగేవాళ్లు 'వస్తున్నాం లింగమయ్యో' అంటారు, దర్శనం అయినవాళ్లు 'పోయొస్తం లింగమయ్యో' అంటారు. ఈసారి ఆ సందులో రెండూ వినపడలేదు. 'అన్నా, తొయ్యకు' అన్న మాటొక్కటే వినపడింది. ఒక పెద్దావిడకు కళ్లు తిరిగితే పక్కకు కూర్చోబెట్టడానికి జాగా లేదు, మనుషుల మీదుగా చేతులతో దాటించారు. మా బావమరిది చిన్న కూతురు ఇంటికొచ్చాక కూడా రెండు రాత్రులు ఉలిక్కిపడి లేచింది. మీ భాషలో ప్రశాంతం అంటే ఇదేనేమో.

వార్తలో మళ్లీ 'తెలంగాణ అమర్‌నాథ్' అని ఒక ముక్క. ఈ బిరుదు ఎవరు తగిలించారో గానీ ప్రతి ఏడాదీ ప్రతి పత్రికా అదే రాస్తుంది. సరే, పోల్చారు కదా, పూర్తిగా పోల్చండి. అమర్‌నాథ్‌లో ముందుగా పేరు నమోదు కావాలి, డాక్టరు సర్టిఫికెట్ లేనిదే పంపరు, మెడలో కార్డు లేనిదే గేటు దాటనివ్వరు, ఏ దారిన రోజుకు ఎంతమంది అనే లెక్క ఉంటుంది. ఆ లెక్క ఊరికే రాలేదు. 1996 ఆగస్టులో మంచులో, వానలో చిక్కుకుని 200 మందికి పైగా యాత్రికులు పోయాక నితీశ్ సేన్‌గుప్తా కమిటీ వేసి, సంఖ్య తగ్గించాలని చెప్పించుకున్నారు. మనకు కూడా అన్ని ప్రాణాలు పోయాక గానీ కమిటీ రాదా? పేరు మాత్రం అమర్‌నాథ్‌ది కావాలి, పద్ధతి అక్కర్లేదు.

ఇక్కడ ఒకటి ఒప్పుకుంటా. జాతర రోజులు పెంచమని కొందరు అడుగుతున్నారు, నేను అడగను. అది అమ్రాబాద్ పెద్దపులుల అడవి. పైగా చైత్రమాసం, ఆకు ఎండి కాగితంలా ఉంటుంది, ఒక్క బీడీ ముక్క చాలు. ఏడాదికి మూడు నాలుగు రోజులు మనల్ని రానివ్వడమే ఎక్కువ. కానీ ఆ కాస్త రోజుల్లో గేటు దగ్గర బండి బండికీ డబ్బు తీసుకుని రసీదు చింపి ఇచ్చేవాళ్లకు, లోపల ఎన్ని బండ్లు ఉన్నాయో లెక్క తెలియదా? ఉదయం దిగేవాళ్లు, మధ్యాహ్నం ఎక్కేవాళ్లు అని ఒక వేళ పెట్టడానికి ఏ ఇంజినీరు కావాలి? సందుకు ఆ చివర ఒకడు, ఈ చివర ఒకడు విజిల్ పట్టుకుని నిలబడితే సగం గోల తగ్గేది. మేం పోయిన పూట అక్కడ ఎవరూ లేరు. జాతరకు ముందు సమీక్షా సమావేశం ఫొటో మాత్రం మీ పేపర్లోనే చూశా, బల్ల మీద జీడిపప్పు ప్లేట్లతో సహా.

ప్లాస్టిక్ సంగతి ఇంకో తమాషా. గేటు దగ్గర మా సంచులు వెతికి నీళ్ల బాటిళ్లు తీసి పక్కన పడేశారు, మంచిదే అనుకున్నాం. లోపలికి పోతే దారి పొడుగునా నీళ్ల ప్యాకెట్లు అమ్ముతున్నారు! తాగినవన్నీ గుండం పక్కన, జలపాతం నీళ్లు పడే చోటే. మన జనం కూడా తక్కువ తినలేదు లెండి. స్నానం చేసి తడి బట్టలు అక్కడే రాళ్ల మీద వదిలేసి, గుహలో దేవుడికి మాత్రం దండం పెట్టుకుని వస్తారు. లింగమయ్య ముందర ఎంత భక్తో, పక్కనున్న నీళ్ల దగ్గర అంత నిర్లక్ష్యం. ఎవరైనా అంటే 'నువ్వెవరివి' అని మీదికొస్తారు. నాకూ ఆ మర్యాద జరిగింది.

అన్నిటికన్నా బాధ వేసింది చెంచుల విషయంలో. పూజారులు వాళ్లు, ఆ అడవిలో పుట్టి పెరిగింది వాళ్లు, ఏ బండ మీద కాలు జారుతుందో తెలిసింది వాళ్లకు. ఆ గుంపులో ఇద్దరు చెంచు కుర్రాళ్లే కేకలేసి ఒక వరసను ఆపి ఇంకో వరసను వదిలారు, అందుకే మేం బయటపడ్డాం. వాళ్లకు ఎవరూ ఆ పని చెప్పలేదు, జీతం అంతకన్నా ఇవ్వలేదు. ఏర్పాట్ల కోసం పెట్టే సమావేశాల్లో వాళ్ల పెద్దలను ఒక కుర్చీలో కూర్చోబెట్టి 'ఏం చేద్దామయ్యా' అని ఒక్కసారైనా అడిగారా? అడిగి ఉంటే ఆ ఫొటో కూడా వేయండి, చూసి సంతోషిస్తాం.

నా పేరు వేసినా వేయకపోయినా పట్టింపు లేదు. ఆ 'ప్రశాంతంగా ముగిసిన' అనే హెడ్డింగును మాత్రం వచ్చే చైత్రానికి దాచిపెట్టకండి.

— మీ పాత పాఠకుడు, అచ్చంపేట