మహిళల పరుగుకు నల్లగొండలోనూ దారి ఇవ్వండి

గౌరవనీయులైన రాష్ట్ర క్రీడలు, యువజన సర్వీసుల శాఖ మంత్రి గారికి నమస్కారములతో,

నల్లగొండ జిల్లాలో ప్రభుత్వ ఉపాధ్యాయురాలినైన నేను, హైదరాబాద్‌లో కేవలం మహిళల కోసం నిర్వహించిన పది కిలోమీటర్ల రోడ్డు పరుగులో మా పట్టణ స్త్రీలు కొందరితో కలిసి ఇటీవల పాల్గొన్నాను. అక్కడ చూసిన ఏర్పాట్లను మా దగ్గర కూడా చేయించవలసిందని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

తెల్లవారకముందే మేము చేరుకునేసరికి నెక్లెస్ రోడ్డు మీద వాహనాలను ఆపివేశారు. నంబరు కాగితాన్ని పిన్నీసులతో పెట్టుకోవడం చేతకాని కొత్తవాళ్లకు ముక్కూమొహం తెలియని ఆడవాళ్లే సాయం చేశారు. చాలామంది చున్నీలు మడిచి సామాన్ల కౌంటరులో ఇచ్చేశారు. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, కాన్వాసు బూట్లు వేసుకున్న ఒక పెద్దావిడ మాకంటే ముందే పరుగు పూర్తి చేసింది. దారి పొడవునా తాగునీరు, మరుగుదొడ్లు, అంబులెన్సు, మహిళా పోలీసులు ఉన్నందువల్ల వెనక ఎవరొస్తున్నారోనని తిరిగి చూడవలసిన అవసరం మాకు కలగలేదు. పరుగెత్తే స్త్రీకి ఇది ఎంత పెద్ద ఊరటో తమరికి తెలియాలనే ఇంత వివరంగా రాస్తున్నాను.

అదే స్త్రీలు నల్లగొండలో సాధన చేద్దామంటే పరిస్థితి వేరు. ఎండాకాలంలో పొద్దెక్కాక పరుగెత్తడం మన ప్రాంతంలో ప్రాణం మీదికి తెచ్చుకోవడమే కాబట్టి, ఇంటి పని మొదలయ్యేలోపు తెల్లవారుజామున దొరికే ఆ కాస్త సమయమే మాకు దిక్కు. ఆ వేళలో రోడ్డు మీద లారీలు, కుక్కల గుంపులు, బండి నెమ్మది చేసి మాటలు విసిరిపోయే కుర్రవాళ్లు.

పోనీ, ఏడాదికొకసారి హైదరాబాద్ వెళ్లి పరుగెత్తి రావచ్చు కదా అని తమరు అనుకోవచ్చు. 2023 డిసెంబరులో మొదలైన మహాలక్ష్మి పథకం వల్ల బస్సు ఛార్జీ బెంగ తీరింది, అందుకు కృతజ్ఞతలు. అయితే మేము వెళ్లిన పరుగులో నంబరు కాగితాలు ముందురోజే ఇచ్చారు. పరుగేమో తెల్లవారగానే మొదలైంది. అంటే రాత్రి నగరంలో ఉండక తప్పదు. అక్కడ చుట్టాలు లేనివారు, చంటిపిల్లల తల్లులు, రాత్రి బయట ఉండడానికి ఇంట్లో ఒప్పుకోనివారు మాతో బయలుదేరలేకపోయారు. వారిలో నాకంటే బాగా పరుగెత్తేవారున్నారు.

1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మహిళల 800 మీటర్ల పరుగు జరిగిన తరువాత, అంత దూరం ఆడవారి ఒంటికి పడదంటూ క్రీడాధికారులు దానిని తొలగించారు. మళ్లీ 1960లో రోమ్‌లోనే చేర్చారు. మహిళల మారథాన్ ఒలింపిక్స్‌లోకి రావడానికి 1984 దాకా పట్టింది. వీటన్నిటిలోనూ స్త్రీల శక్తి కంటే అధికారుల నిర్ణయమే అడ్డుపడింది, నిర్ణయం మారినప్పుడే దారి తెరుచుకుంది. అందుకే మా విన్నపం తమరి ముందు పెడుతున్నాము.

పానగల్లులోని ఉదయసముద్రం కట్ట మీద ప్రతి ఆదివారం ఉదయం ఐదు నుంచి ఏడు గంటల వరకు వాహనాలను ఆపి, వీధిదీపాలు, మరుగుదొడ్లు, మహిళా పోలీసుల గస్తీ ఉండేలా చూడండి. చలికాలంలో ఏటా ఒకసారి నల్లగొండలో మహిళలకు మాత్రమే ఐదు, పది కిలోమీటర్ల పరుగు పెట్టించి, నంబరు కాగితాలను ఆ ఉదయమే ఇప్పించండి. విద్యార్థినులకు, స్వయం సహాయక సంఘాల మహిళలకు ప్రవేశ రుసుము వద్దు. బహుమతి సొమ్ము గురించి మాకు పట్టింపు లేదు. ఇక్కడ సవ్యంగా జరిగితే మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, సూర్యాపేటలకు కూడా విస్తరింపజేయవచ్చు.

వచ్చే డిసెంబరులోగా మొదటి పరుగు జరిగేలా జిల్లా కలెక్టరు గారికి, జిల్లా క్రీడాధికారికి ఆదేశాలివ్వవలసిందిగా ప్రార్థన. పేర్లు రాసుకోవడానికి, దారిలో నీళ్లు అందించడానికి మేమందరం వస్తాము.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక ఉపాధ్యాయురాలు, నల్లగొండ