అంబాసిడర్ మరమ్మతు నిధి: జమా ఖర్చుల వివరణ

గ్రంథాలయం షెడ్డులో ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న పెట్రోలు అంబాసిడర్‌ను మళ్లీ నడిపించడానికి వసూలైన సొమ్ము, అందులోంచి అయిన ఖర్చు చందాదారుల ముందు ఉంచుతున్నాం.

జమ: 41 మంది సభ్యులు తలా రూ.500 చొప్పున ఇచ్చిన చందా రూ.20,500. పేరు చెప్పవద్దన్న దాత ఇచ్చింది రూ.5,000. పాత బ్యాటరీ, తుప్పు సామాను అమ్మగా వచ్చింది రూ.1,150. మొత్తం రూ.26,650.

ట్యాంకు నుంచి ఇంజిన్‌కు పెట్రోలు లాగే పంపు (ఇంజిన్ తిరిగితేనే ఇది పనిచేస్తుంది) బాగుచేయించాలని అడిగి వసూలు చేసి, ట్యాంకు మీద రూ.7,800 ఎందుకు పెట్టారని కొందరు నిలదీశారు. పంపు సామాన్లకు అయింది రూ.950 మాత్రమే కాబట్టి ఆ అనుమానం సహజం. జరిగింది చెబుతాం.

ఇంజిన్ అంటుకోకుండా ఇగ్నిషన్ కాయిల్ తీగ ఊడదీసి, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ దగ్గర పెట్రోలు గొట్టం విప్పి సీసాలో పెట్టి, స్టార్టర్‌తో ఇంజిన్ తిప్పించాం. చుక్క రాలేదు. తప్పు పంపుదా, ట్యాంకు వైపుదా అన్నది దీంతో తేలదు. అందుకని ట్యాంకును పక్కనపెట్టి, శుభ్రమైన డబ్బాలోంచి నేరుగా పంపుకు పెట్రోలు అందించాం. అప్పుడూ నీరసంగా, ఆగి ఆగి వచ్చింది. పంపు విప్పితే, కదులుతూ పెట్రోలును లాగే పలుచని పొర, అంటే డయాఫ్రమ్, బిర్రబిగిసి చిరిగి ఉంది; పాత పెట్రోలు జిగురుగా మారి వాల్వులను పట్టేసింది. చిరిగిన డయాఫ్రమ్‌లోంచి పెట్రోలు ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీస్తేనే పెట్రోలు వాసన కొట్టింది. పలచబడిన ఆయిల్‌తో నడిపితే బేరింగులు పోతాయి కనుక ఆయిల్, ఫిల్టరు మార్చక తప్పలేదు: రూ.2,100.

అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయినా పంపు కిట్టు (లోపల మార్చాల్సిన విడిభాగాల సెట్టు) దొరికింది. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు తట్టుకునే డయాఫ్రమ్ కావాలని పట్టుబట్టి తెప్పించాం. కిట్టు వేశాక డబ్బా పెట్రోలుతో ఇంజిన్ చక్కగా నడిచింది. ట్యాంకుకు కలపగానే కాసేపటికి ఆగిపోయింది. ట్యాంకులోని జల్లెడ తుప్పుతో పూడుకుపోయింది. గొట్టాలకు సన్నని పగుళ్లు. పంపు లాగే వైపు పగులు ఉంటే పెట్రోలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే పైకి ఏమీ కనబడలేదు. ట్యాంకు దించి కడిగించకుండా కొత్త పంపు బిగించినా అదీ పూడుకుపోయేదే.

కరెంటు పంపు పెడితే సరిపోయేదన్న సూచనను కమిటీ ఒప్పుకోలేదు. దాని ఒత్తిడి ఎక్కువైతే కార్బురేటర్ పొంగుతుంది. పైగా విడిగా కట్-ఆఫ్ ఏర్పాటు లేకపోతే ఇంజిన్ ఆగినా అది పెట్రోలు తోడుతూనే ఉంటుంది.

మిగతా ఖర్చులు: పంపుకు, కార్బురేటర్‌కు కలిపి మెకానిక్ కూలి రూ.4,500. గొట్టాలు, క్లిప్పులు, పెట్రోలు ఫిల్టరు రూ.1,240. కొత్త బ్యాటరీ రూ.5,200. పెట్రోలు రూ.1,080. ఆటో కిరాయి రూ.430. పైవాటితో కలిపి మొత్తం ఖర్చు రూ.23,300.

నిల్వ రూ.3,350 బ్యాంకు ఖాతాలో ఉంది. రశీదులు ఆదివారం ఉదయం గ్రంథాలయంలో ఎవరైనా చూడవచ్చు. ఆటో కిరాయికి మాత్రం రశీదు లేదు. దానిపై అభ్యంతరం వస్తే ఆ రూ.430 కమిటీ సభ్యులే భరిస్తారు.