ఓటీపీ అడగని దొంగతనానికి తాళం ఎవరు వెయ్యాలి?

సంపాదకుల గారికి,

సైబర్ మోసం వార్త ఏది వచ్చినా చివర్లో ఒకటే సలహా ఉంటుంది. ఓటీపీ ఎవరికీ చెప్పకండి, తెలియని లింకు నొక్కకండి. మంచి మాటే. కానీ ఆధార్ వేలిముద్రతో డబ్బు లాగేసే మోసానికి ఆ సలహా అక్కరకు రాదు. అక్కడ ఓటీపీ రాదు, పిన్ అడగరు, కార్డుతో పని లేదు. ఖాతాదారు ఎవరికీ ఏమీ చెప్పకపోయినా డబ్బు పోతుంది. ఈ విషయంలో జాగ్రత్త భారమంతా జనం నెత్తిన పెట్టి బ్యాంకులూ ప్రభుత్వ శాఖలూ పక్కకు తప్పుకుంటున్నాయన్నదే నా ఫిర్యాదు.

ఊళ్లో కిరాణా కొట్టులోనో, బ్యాంకు మిత్ర అనే ఏజెంటు దగ్గరో ఉండే చిన్న మెషీన్ మీద వేలు పెట్టి డబ్బు తీసుకునే పద్ధతిని ఏఈపీఎస్ అంటారు. దానికి కావలసినవి మూడే: ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర. ఒక్కోసారి గరిష్ఠంగా 10,000 రూపాయలు తీయవచ్చు. వేలిముద్రను ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సరిచూసి అవునో కాదో చెబుతుంది, మీ బ్యాంకు ఖాతాలోంచి డబ్బు తగ్గిస్తుంది, ఎన్‌పీసీఐ అనే చెల్లింపుల సంస్థ మధ్యలో బ్యాంకులను కలిపే స్విచ్ నడుపుతుంది. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. సబ్సిడీలు పడే ఖాతా ఒక్కటే ప్రమాదంలో ఉందనుకుంటారు. కాదు. సబ్సిడీ ఏ బ్యాంకుకు వెళ్లాలో చెప్పే మ్యాపర్ వేరు. నగదు విత్‌డ్రాకు మెషీన్ మీద బ్యాంకు పేరు ఎంచుకుంటారు. ఆధార్ జోడించిన ఖాతాలు మూడు బ్యాంకుల్లో ఉంటే మూడూ అందుబాటులో ఉన్నట్టే. దొంగ ఒక్కో బ్యాంకు పేరూ పెట్టి చూసుకుంటాడు.

మరి వేలిముద్ర వాడికెక్కడిది? మన రిజిస్ట్రేషన్ కాగితాల్లోంచే. రిజిస్ట్రేషన్ చట్టంలో 2001 సవరణతో వచ్చిన సెక్షన్ 32ఏ ప్రకారం దస్తావేజు మీద ఫొటో అంటించాలి, వేలిముద్ర వెయ్యాలి. అదే చట్టంలోని సెక్షన్ 57 ఏమో స్థిరాస్తి దస్తావేజులు నకలు ఎక్కించే ఒకటో పుస్తకాన్ని ఎవరైనా చూడొచ్చు, ఫీజు కట్టి నకలు తీసుకోవచ్చు అంటుంది. పుస్తకం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బీరువాలో ఉన్నన్నాళ్లూ ఈ రెండు సెక్షన్ల మధ్య పేచీ లేదు. స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టాకే ముంచుకొచ్చింది. పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర ఒకే పీడీఎఫ్‌లో దొరికాక ఇక కావలసింది బ్యాంకు పేరు ఒక్కటే.

ఇది ఊహ కాదు. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ కార్డుల డీలరు తెలంగాణ రిజిస్ట్రేషన్ పత్రాల్లోంచి ముద్రలు తీసి, రబ్బరు స్టాంపులు చేసే పదార్థంతో నకళ్లు పోసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. కంపెనీ టార్గెట్ కోసం చేశాడట. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ పత్రాలతో నేరుగా ఖాతాల్లో చెయ్యి పెట్టింది. మొదటి సంఘటనకూ రెండోదానికీ మధ్య నాలుగేళ్లుంది. పాత స్కాన్లలో ముద్రలు చెరిపెయ్యడానికి ఆ సమయం చాలదని అనలేం.

సాంకేతికంగా మార్పులేవీ రాలేదని అనను. 2023 ఫిబ్రవరిలో యూఐడీఏఐ ముద్రలోని గీతల బిందువులతో పాటు బొమ్మను కూడా పరిశీలించి, వేలు ప్రాణమున్నదేనా అని చూసే పద్ధతి తెచ్చింది. అది మేలైన పని. స్కానర్లను ఎల్0 నుంచి ఎల్1కు మార్చే పనీ చేపట్టారు. అయితే ఎల్1 రాగానే నకిలీ వేళ్ల బెడద పోతుందని కొందరు చెబుతున్నారు, అది సగమే నిజం. ఎల్0 స్కానర్‌లో ముద్రను ఫోన్‌లోని సాఫ్ట్‌వేర్ ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. ఎల్1లో స్కానర్ లోపలి చిప్ చేస్తుంది. దానివల్ల దాచిపెట్టుకున్న పాత ముద్రను మధ్యలో జొప్పించడం కష్టమవుతుంది. గాజు మీద పెట్టింది వేలా, రబ్బరు ముక్కా అన్నది తేల్చడం వేరే పరీక్ష.

నకిలీ వేలు లేకుండా జరిగే మోసం ఇంకోటుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. బ్యాలెన్స్ చూడటానికీ, డబ్బు తీయడానికీ, చివరికి సిమ్ కార్డు తీసుకోవడానికీ కూడా ఖాతాదారు చేసే పని ఒకటే, గాజు మీద వేలు పెట్టడం. తెర ఏజెంటు వైపుంటుంది. తన వేలితో ఎంత మొత్తానికి ఒప్పుకుంటున్నాడో వేలు పెట్టినవాడికి కనపడదు. "సరిగ్గా పడలేదమ్మా, మళ్లీ పెట్టు" అన్న మాటలో ఎన్ని పింఛన్లు కరిగిపోయాయో! ఫెయిలైన లావాదేవీకి కూడా రసీదు అడగాలి. ఇవ్వనంటే రెండోసారి వేలు పెట్టకూడదు. నిజంగానే మెషీన్ మొరాయించి ఖాతాలో తగ్గి చేతికి రాకపోతే, ఆర్‌బీఐ 2019 సెప్టెంబరు ఉత్తర్వు ప్రకారం లావాదేవీ జరిగిన రోజు తర్వాత అయిదు రోజుల్లో తిరిగి జమ కావాలి. ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం మనం అడగకుండానే ఇవ్వాలి.

ఇప్పుడు అందరూ చెప్పే చిట్కా: బయోమెట్రిక్ లాక్ చేసుకోండి. మైఆధార్ వెబ్‌సైట్లో కానీ యూఐడీఏఐ వారి ఆధార్ యాప్‌లో కానీ ఓటీపీతో లాగినై, లాక్/అన్‌లాక్ బయోమెట్రిక్స్ నొక్కితే అయిపోతుంది. ఆ తర్వాత ఎవరు మీ ముద్ర పెట్టినా 330 అనే ఎర్రర్ వస్తుంది. నేనూ ఈ చిట్కాను సమర్థిస్తాను. కానీ ఎవరికి? వేలితో రోజువారీ పని లేని ఉద్యోగులకు, నగరాల్లో ఉండేవాళ్లకు. ఊళ్లో పరిస్థితి వేరు. లాక్ వేస్తే వేలే కాదు, కనుపాప, ముఖం కూడా పనిచేయవు. రేషన్ దుకాణంలో ఈ-పాస్ మెషీన్ దగ్గర, పింఛను దగ్గర ఇబ్బంది. తాత్కాలికంగా తెరవవచ్చు, కాసేపటికి మళ్లీ దానంతటదే పడిపోతుంది. అప్పుడల్లా ఓటీపీ కావాలి. ఆధార్‌కు ఫోన్ నంబరు జోడించని వాళ్లకు, పాత నంబరు పోయిన వాళ్లకు ఆ దారే లేదు. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉండి, సెలవులకు వచ్చినప్పుడు ప్లాటు రిజిస్ట్రేషన్ చేయించుకుని వెళ్లినవాళ్ల సంగతీ అంతే. దస్తావేజులో ముద్ర ఇక్కడ ఉంటుంది, ఇండియా సిమ్ ఆగిపోయి ఉంటుంది, బ్యాంకు ఎస్సెమ్మెస్ ఎవరికీ చేరదు.

కంగారులో ఆధార్‌ను ఖాతా నుంచే తీసేయమంటున్నవాళ్లూ ఉన్నారు. అలా చేస్తే ఆ ఖాతాలో పడే పీఎం కిసాన్, గ్యాస్ సబ్సిడీ ఆగే ప్రమాదం ఉంది. నిజానికి డబ్బు పడటానికి వేలిముద్ర అక్కర్లేదు, తీయడానికే కావాలి. కాబట్టి అడగవలసింది ఏఈపీఎస్ డెబిట్ ఒక్కటీ ఆపమని. కొన్ని బ్యాంకులు యాప్‌లోనే ఆ వీలు ఇచ్చాయి. లేనిచోట హోం బ్రాంచిలో రాతపూర్వకంగా ఇచ్చి, రెండో ప్రతి మీద స్టాంపు, తేదీ వేయించుకోవాలి. ఆ స్టాంపు రేపు వాదనకు పనికొస్తుంది.

డబ్బు పోయాక సంగతి. పాస్‌బుక్‌లో ఏఈపీఎస్ అని ఉండి పక్కన 12 అంకెల లావాదేవీ నంబరు, ఆర్‌ఆర్‌ఎన్ ఉంటుంది. అది రాసిపెట్టుకుని వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఆ వెంటనే బ్యాంకుకు రాతపూర్వకంగా తెలపాలి. మైఆధార్‌లో ఆథెంటికేషన్ హిస్టరీ తీస్తే గత ఆరు నెలల్లో మీ ఆధార్‌ను ఎవరు, ఎప్పుడు, ఏ పద్ధతిలో సరిచూశారో వస్తుంది. దాన్ని ఫిర్యాదుకు జత చేయాలి. వరసగా ఫెయిలైన ప్రయత్నాలు అందులో కనిపిస్తే అది గట్టి ఆధారం.

బ్రాంచిలో మొదటి జవాబు దాదాపు ఎప్పుడూ ఇదే: "మీ వేలిముద్ర పడింది, మీరే తీసుకున్నారు." ఈ మాటకు తలూపి వచ్చేయకూడదు. 2017 జులై 6 నాటి ఆర్‌బీఐ నిబంధనల్లో తప్పు ఖాతాదారుదని నిరూపించే బాధ్యత బ్యాంకుదే. లోపం బ్యాంకులోనూ లేక, ఖాతాదారులోనూ లేక, వ్యవస్థలో మరోచోట ఉంటే, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పని దినాల్లో తెలిపినవారికి నష్టం సున్నా. సమాచారం అందిన రోజు లెక్కలోకి రాదు. ఎస్సెమ్మెస్సే రానప్పుడు గడువు ఎప్పుడు మొదలైందని బ్యాంకును అడగాలి. నాలుగు నుంచి ఏడు పని దినాల మధ్య తెలిపితే సాధారణ పొదుపు ఖాతాకు 10,000, కనీస నిల్వ అక్కర్లేని బేసిక్ ఖాతాకు 5,000 రూపాయలు మించి మన మీద పడకూడదు. ఫిర్యాదు చేసిన పది పని దినాల్లో తాత్కాలికంగా జమ చేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. మెషీన్ ఐడీ, ఏజెంటు కోడ్, లావాదేవీ జరిగిన ఊరు రాతపూర్వకంగా అడగండి. నిజామాబాద్ ఖాతాదారు వేలు అదే గంటలో వేరే రాష్ట్రంలో పడిందని ఆ కాగితమే చెప్పొచ్చు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా రాయొచ్చు.

ఏజెంట్ల విషయంలో ఆర్‌బీఐ కాస్త కదిలింది. 2025 జూన్‌లో ఇచ్చిన ఆదేశాలు 2026 జనవరి 1 నుంచి అమలుకు పెట్టింది. మూడు నెలలు ఖాళీగా ఉన్న ఏజెంటుకు మళ్లీ కేవైసీ చేయాలి, లావాదేవీల తీరు మీద నిఘా ఉంచాలి. అయితే ఇదంతా డబ్బిచ్చే వైపు కాపలా. ఖాతా వైపు తలుపు మాత్రం తెరిచే ఉంది.

ఏటీఎం కార్డుకు ఆన్‌లైన్, విదేశీ లావాదేవీలు ఖాతాదారు అడిగితేనే తెరవాలని ఆర్‌బీఐ 2020లోనే చెప్పింది. ఏఈపీఎస్‌కూ అదే పెట్టాలి. అలా అందరికీ ఒకేసారి మూసేస్తే ఏజెన్సీ మండలాల్లో, ఏటీఎం లేని ఊళ్లలో ముసలివాళ్లు నలిగిపోతారు, అది నిజం. అందుకని గత ఏడాదిలో ఒక్కసారైనా ఏఈపీఎస్ వాడిన ఖాతాలను అలాగే ఉంచి, ఎన్నడూ వాడనివాటిని మూసేయాలి. తెరవాలంటే బ్రాంచికో, బ్యాంకు మిత్ర దగ్గరకో ఒక్కసారి వెళ్తే చాలనాలి. రోజుకు ఎంత వరకు తీయొచ్చో ఖాతాదారే పెట్టుకునే వీలుండాలి. ఫెయిలైన ప్రయత్నానికి కూడా తెలుగులో ఎస్సెమ్మెస్ రావాలి; దొంగ బ్యాంకులు వెతుక్కునే ఆ కొద్ది నిమిషాలే అప్రమత్తమయ్యే సమయం.

ఇక రిజిస్ట్రేషన్ శాఖలు. కొత్త దస్తావేజుల్లో ఆధార్ అంకెలు మరుగుపరిస్తే చాలదు. ఇరవై ఏళ్లుగా స్కాన్ చేసిన పాతవన్నీ ఎవరి దగ్గరెక్కడున్నాయో తెలియదు గనుక, కనీసం ఇకమీదట బయటికి వెళ్లే ప్రతి నకలులో ముద్ర ఉన్న పెట్టెను నల్లగా కప్పి ఇవ్వాలి. ఆస్తి కొనేవాడికి కావలసినవి హద్దులు, విస్తీర్ణం, యజమాని పేరు. అమ్మినవాడి బొటనవేలి గీతలు కాదు. ముద్ర సరిచూడాల్సిన కోర్టుకు, దస్తావేజు రాసుకున్న పార్టీలకు అసలుది చూపించండి. చట్టం అడ్డమని శాఖ అనుకుంటే సెక్షన్ 57 కింద ఇచ్చే నకలు ఎలా ఉండాలో నియమాల్లో మార్పు ప్రతిపాదించి, ఆ ముసాయిదాను జనం ముందు పెట్టాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
ఖమ్మం