బీటీయూ అంకె ఒక్కటే చూసి గ్యాస్ గ్రిల్ కొనవద్దు

సంపాదకులకు,

ఆరుబయట వంటకు గ్యాస్ గ్రిల్ ఎలా ఎంచుకోవాలో చెప్పే సలహాల్లోనూ ప్రకటనల్లోనూ పెద్దక్షరాలతో కనిపించేవి రెండే అంకెలు. బర్నర్లు ఎన్ని, గంటకు మొత్తం బీటీయూలు (వేడిని కొలిచే ప్రమాణం) ఎన్ని. కొనేవారిని ఎక్కువగా తప్పుదారి పట్టించేవీ ఈ రెండే. గ్రిల్ గంటకు ఎంత గ్యాస్ కాల్చగలదో మాత్రమే బీటీయూ చెబుతుంది. ఆ వేడిలో ఎంత భాగం వంటకు తగులుతుందో చెప్పదు.

ఆ అంకెను వంట జాలీ వైశాల్యంతో భాగించి చూడాలి. 60 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న జాలీ అంటే దాదాపు 420 చదరపు అంగుళాలు. దాని కింది బర్నర్లు కలిపి గంటకు 36,000 బీటీయూలు ఇస్తే చదరపు అంగుళానికి 86 వస్తుంది. ఇది 80 నుంచి 100 మధ్య ఉంటే ఇంటి వంటకు సరిపోతుంది. మూత సందుల్లేకుండా కూర్చుని, గోడలు మందంగా ఉంటే 75 ఉన్నా చాలు. పల్చటి రేకుతో చేసినదైతే 110 ఉన్నా కాస్త గాలి వీచగానే వేడి పడిపోతుంది. లెక్కలో రెండు మెలికలున్నాయి. పక్కన అమర్చిన విడి పొయ్యి బీటీయూలను కూడా మొత్తంలో కలిపేస్తారు. వండినవి వెచ్చగా ఉంచే పై అరను వంట వైశాల్యంలో చేరుస్తారు. రెండింటినీ తీసేశాకే భాగించాలి. మీ పత్రిక ఇలాంటి పరికరాలను పోల్చి పట్టికలు వేసేటప్పుడు ఈ చదరపు అంగుళపు లెక్కనూ, బర్నర్ ఏ లోహంతో చేసిందన్న వివరాన్నీ తప్పక ఇవ్వాలని నా విన్నపం.

బర్నర్లు కనీసం రెండు, వేర్వేరు నాబ్‌లతో ఉండాలి. ఒక పక్క నేరుగా మంట, మరో పక్క మంట లేని సెగ ఉండే వీలు లేకపోతే మందపాటి ముక్కలు పైన మాడి లోపల పచ్చిగా మిగిలిపోతాయి. మూడు ఉంటే ఇంకా మేలు. మధ్యది ఆపి, అటూ ఇటూ ఉన్నవి వెలిగించి, మూత వేస్తే ఓవెన్‌లా పనిచేస్తుంది. నలుగురైదుగురి వంటకు అంతకు మించి అవసరం లేదు.

గ్రిల్‌లో త్వరగా పాడయ్యేవాటిలో బర్నర్ ఒకటి. ఉప్పు, నూనె, తేమ, నిప్పు అన్నీ దాని మీదే పడతాయి. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌లో దాదాపు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 430 రకంలో నికెల్ దాదాపు ఉండదు కాబట్టి త్వరగా తుప్పు పడుతుంది. కొనేచోటికి చిన్న అయస్కాంతం తీసుకెళ్లండి. గట్టిగా అతుక్కుంటే అది 304 కాదు. వంపుల దగ్గర 304 కూడా కొద్దిగా పట్టవచ్చు కాబట్టి చదునైన చోట పెట్టి చూడాలి. పోత ఇత్తడి బర్నర్లు ఎక్కువ కాలం వస్తాయి, ధర కూడా ఎక్కువే.

జాలీ విషయంలో నా మొగ్గు 8 మిల్లీమీటర్లు, అంతకు మించిన మందమున్న స్టెయిన్‌లెస్ కమ్మీల వైపే. ఎనామిల్ పూసిన పోత ఇనుము వేడిని చక్కగా పట్టి ఉంచుతుంది, నిజమే. కానీ కిందపడినా, గట్టిగా గీకినా పూత పెచ్చులూడి అక్కడి నుంచి తుప్పు మొదలవుతుంది. ఏ జాలీనీ తీగ బ్రష్‌తో రుద్దకండి. ఊడిన తీగ ముక్క ఆహారంలో కలిసి గొంతులోనో పేగులోనో గుచ్చుకున్న ఉదంతాలు వైద్యులు నమోదు చేశారు.

బర్నర్ల మీద గుడారంలా వంగిన రేకులు ఉంటాయి. కారిన నూనె వాటిపై పడి ఆవిరై పొగ పుడుతుంది, బర్నర్ రంధ్రాలు మూసుకుపోవు. అవి బర్నర్‌ను పూర్తిగా కప్పాలి. మిగిలిన జిడ్డు వాలుగా జారి ట్రేలో పడాలి. ఆ ట్రేను ముందు నుంచో వెనుక నుంచో సులువుగా లాగగలిగేలా ఉందో లేదో కొనే ముందే లాగి చూడండి. కష్టమైతే ఎవరూ శుభ్రం చేయరు, ఒకరోజు ఆ జిడ్డుకే నిప్పంటుకుంటుంది. అప్పుడు నీళ్లు పోయవద్దు. నాబ్‌లు కట్టేసి, మూత వేసి, చేయి అందితే సిలిండర్ వాల్వ్ మూసేయాలి.

గ్యాస్ సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. గ్రిల్ వెనుక పలకపై ఏ గ్యాస్, ఎన్ని మిల్లీబార్ల ఒత్తిడి అని రాసి ఉంటుంది. 30, 37, 50 ఇలా రకాలున్నాయి. రెగ్యులేటర్ సరిగ్గా దానికే ఉండాలి. పైపు గ్యాస్‌కు చేసిన జెట్ (గ్యాస్‌ను బర్నర్‌లోకి వదిలే సన్నని ముక్కు) రంధ్రం పెద్దది. దానికి ఎల్పీజీ తగిలిస్తే పసుప్పచ్చని భారీ మంట, మసి వస్తాయి. జెట్‌ను సొంతంగా తొలిచి మార్చడం ప్రమాదం. కిలో ఎల్పీజీలో దాదాపు 47,000 బీటీయూలు ఉంటాయి కనుక పైన చెప్పిన 36,000 బీటీయూల గ్రిల్ నిండు మంటలో గంటకు ముప్పావు కిలో కాలుస్తుంది. పెద్ద గ్రిల్‌కు చిన్న సిలిండర్ కడితే ద్రవం అంత వేగంగా ఆవిరి కాలేక సిలిండర్ చల్లబడి మంచు పడుతుంది, మంట కుంగుతుంది. అప్పుడు తప్పు బర్నర్‌ది కాదు.

ఎల్పీజీ గాలికన్నా బరువైనది. కారితే కిందే పేరుకుంటుంది. అందుకే సిలిండర్ అరకు అడుగున గాలి సందులు ఉండాలి, సిలిండర్ నిలువుగానే నిలబడాలి. కొత్తగా బిగించినప్పుడు, సిలిండర్ మార్చిన ప్రతిసారీ నాబ్‌లు కట్టి, వాల్వ్ తెరిచి, సమపాళ్లలో కలిపిన గిన్నెల సబ్బు, నీళ్లు అతుకులపై పూయండి. బుడగ ఉబ్బితే వాల్వ్ మూసి, మళ్లీ బిగించి, మళ్లీ చూడాలి. వెలిగించేటప్పుడు మూత తెరిచే ఉండాలి. పది సెకన్లలో అంటుకోకపోతే ఆపి, ఐదు నిమిషాలు ఆగాలి. ఇంట్లో, మూసిన వరండాలో గ్రిల్ వాడకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

కొన్ని రెగ్యులేటర్లలో గ్యాస్ ఒక్కసారిగా దూసుకొస్తే దాని దారిని కుదించే ఏర్పాటు ఉంటుంది. బర్నర్ నాబ్ తెరిచి ఉండగా సిలిండర్ వాల్వ్ తెరిస్తే అది పనిచేసి మంట ఎంతకీ పెరగదు. చాలామంది గ్రిల్ చెడిపోయిందని తిరిగి ఇచ్చేస్తారు. అన్నీ కట్టేసి, రెగ్యులేటర్ విప్పి, ఒకటి రెండు నిమిషాలాగి బిగించి, వాల్వ్ మెల్లగా తిప్పితే చాలు.

మంట నీలంగా ఉండాలి. పసుపు తిరిగినా, నాబ్‌ల పలక వెనుక మంట కనిపించినా బర్నర్ గొట్టంలో సాలీడు గూడు కట్టి ఉండవచ్చు. గ్యాస్ వెనక్కి తన్ని బయట అంటుకుంటుంది. వెంటనే ఆపి, చల్లారాక బర్నర్ విప్పి గొట్టంలో సన్నని పొడవాటి బ్రష్ దూర్చి శుభ్రం చేయాలి. గ్రిల్ కొన్నాళ్లు వాడకుండా ఉంచితే మళ్లీ వెలిగించే ముందు ఈ పని చేసి తీరాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు