ఉదయగిరి కొండ బాటలకు ప్రమాణాలు నిర్ణయించండి: సంబంధిత అధికారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి నమస్కారములు.

రెండుసార్లు ఇచ్చిన అర్జీలకు సమాధానం రానందున నలుగురి ఎదుట ఈ లేఖ రాయవలసి వచ్చింది. కిందటి కార్తీకంలో, వాన వెలిసిన మరునాడు, 1514లో శ్రీకృష్ణదేవరాయలు జయించిన ఉదయగిరి దుర్గానికి వెళ్లే బాటలో మా అమ్మ జారిపడగా చీలమండ విరిగింది. మేకల కాపరులు ఆమెను దుప్పటిలో మోసుకుని కిందికి దింపారు. నేటికీ ఆమె కర్ర లేనిదే నడవలేదు.

ఈశాన్య రుతుపవనాల వాననీరు బాటనే కాలువగా చేసుకుని మట్టిని కోసుకుపోవడమే దీనికి మూలం. బాట వాలు కొండ వాలులో సగానికి మించకూడదనీ, నడిచే తలం పల్లం వైపు కొద్దిగా వంగి నీటిని పక్కకు జారవిడవాలనీ బాటల నిర్మాణం తెలిసినవారు పాటించే నియమం. అన్నిటికీ సిమెంటు మెట్లే మందు కాదు. నరసింహస్వామి క్షేత్రమైన పెంచలకోనలో వృద్ధులు, పసిపిల్లలు నడిచే దారికి వెడల్పు, పట్టుకోవడానికి ఇనుప కమ్మీ కావాలి. దుర్గం ఎక్కే దారికి కదలని రాళ్లు, దారి గుర్తులు, నీటిని మళ్లించే అడ్డురాళ్లు ఉంటే చాలు. లోపలి అడవి బాటను ఇరుకుగా ఉంచడమే మేలు.

కాబట్టి ఒక్కో తరహా బాటకు వాలు, వెడల్పు, నీటి పారుదల ప్రమాణాలను రాతపూర్వకంగా ప్రకటించి, ఏటా వానలకు ముందూ తర్వాతా తనిఖీ చేయించి, ఆ నివేదికను బాట మొదట్లో అందరికీ కనబడేలా ఉంచవలసిందిగా కోరుతున్నాను. మొదటి తనిఖీ ఈ అక్టోబరులోపే జరగాలి.

ఇట్లు,
ఉదయగిరి వాసి